నడిచి వెళ్లేంత దూరంలో నలుగురు

తెలుగు రాష్ట్రాల్లో వృద్ధాప్యం గురించి మాట వస్తే చర్చ సాధారణంగా పింఛను దగ్గర మొదలై ఆసుపత్రి దగ్గర ఆగిపోతుంది. ఆ రెండూ ముఖ్యమైనవే గాని, నెలనెలా డబ్బు చేతికందుతూ, బీపీ మాత్రలు, షుగరు మాత్రలు వేళ తప్పకుండా వేసుకుంటూ కూడా, తెల్లవారింది మొదలు పొద్దుగూకే వరకు పలకరించే మనిషి లేక లోలోపల కుంగిపోయే పెద్దలు వీధివీధినా ఉన్నారన్న విషయానికి ఆ చర్చలో చోటు దొరకడం లేదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్లు, అంతకు పైబడినవారు సుమారు 10.38 కోట్ల మంది, అంటే జనాభాలో 8.6 శాతం; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 9.8 శాతంగా నమోదై జాతీయ సగటును దాటింది. ఆ తరువాత 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి తగ్గిందని చూపింది. జనాభా తరిగిపోకుండా నిలకడగా ఉండాలంటే ఆ సంఖ్య 2.1 ఉండాలి. స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల పరిమితిని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసినప్పుడు ఈ వృద్ధాప్యపు లెక్కలే ప్రధానంగా ప్రస్తావనకు వచ్చాయి. పుట్టేది ఒకరిద్దరు, ఆ ఒకరిద్దరూ చదువు పూర్తికాగానే హైదరాబాదుకో బెంగళూరుకో డాలస్‌కో వెళ్లిపోయేవారు గనుక, రాబోయే దశాబ్దాల్లో తెలుగునాట పెద్దల పొద్దు ఎలా గడుస్తుందన్నది కుటుంబం ఒక్కటే తేల్చగల సంగతి కాదు; వీధి, వాడ, అపార్టుమెంటు కూడా అందులో తలదూర్చక తప్పదు.

ఇక్కడ రెండు భావనలను విడదీసి చూడాలి. మనిషికున్న సంబంధాలు, రాకపోకలు లెక్కకు తక్కువగా ఉండటాన్ని సామాజిక శాస్త్రజ్ఞులు సామాజిక ఏకాకితనం అంటారు. అది బయటినుంచి చూసి లెక్కపెట్టగలిగేది. తనకు కావలసినంత, కావలసిన తీరు సాన్నిహిత్యం దొరకడం లేదన్న బాధను ఒంటరితనం అంటారు. అది అనుభవించేవారికి మాత్రమే తెలుస్తుంది. అందుకే ఇంట్లో ఒక్కతే ఉంటూ వీధి వీధంతా వరసలు కలిపి పిలుచుకునే ముసలమ్మకు ఒంటరితనం లేకపోవచ్చు. కొడుకు, కోడలు, మనవల మధ్య ఉంటూనే, ఎవరి ఫోను వారిది, ఎవరి తలుపు వారిది అయిన ఇంట్లో ఒక తాతగారికి అది పూర్తిగా ఉండవచ్చు. 2017–18లో నలభై అయిదేళ్లు దాటిన 72 వేల మందికి పైగా భారతీయులను కలిసి చేసిన ‘లాసీ’ అనే దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం ప్రకారం, అరవై దాటినవారిలో ఏకాంగిగా ఒక ఇంట్లో నివసించేవారు సుమారు 6 శాతమే. ఆ చిన్న అంకెను చూసి ఊరట చెందడం తొందరపాటే అవుతుంది. ఇంటినిండా మనుషులుంటే చాలు, ముసలివారికి లోటేమీ ఉండదన్న నమ్మకమే ఈ సమస్యను మన కంటికి ఆననివ్వకుండా చేసింది.

అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్నే మళ్లీ రెండుగా విభజించాడు. జీవిత భాగస్వామి వంటి అత్యంత ఆత్మీయులను కోల్పోవడం వల్ల కలిగేది భావోద్వేగ సంబంధమైన ఒంటరితనం; తనను తమవాడిగా లెక్కించే నలుగురు లేకపోవడం వల్ల కలిగేది సాంఘికమైన ఒంటరితనం. ఒకదాని లోటు మరొకదానితో పూర్తిగా పూడదన్నది ఆయన సిద్ధాంతంలోని కీలకాంశం. ఏభై ఏళ్లు కాపురం చేసిన భార్య పోయిన మనిషికి ఏ భజన మండలీ ఆమెను తిరిగి తెచ్చివ్వలేదు. నిద్ర, ఆకలి రెండూ పోయి రోజుల తరబడి మంచానికి అతుక్కుపోయినవారికి కావలసింది కాలక్షేపం కాదు, వైద్యుడు. ఇరుగుపొరుగు కార్యక్రమాలు తీర్చగలిగేది రెండో రకం ఒంటరితనాన్ని. అది చిన్న విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక అనుబంధాల సంఘం 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8.71 లక్షల మరణాలకు దానితో సంబంధముందని అంచనా వేసింది. అంతకుముందే, 2010లో, జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్ బృందం మూడు లక్షల మందికి పైగా వ్యక్తులకు సంబంధించిన 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి, బలమైన సామాజిక సంబంధాలున్నవారు ఆయా అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం అవి లేనివారికంటే 50 శాతం ఎక్కువని తేల్చింది. ఇది శరీరంలోపల రక్తపోటు, నిద్ర, ఒత్తిడి హార్మోన్ల ద్వారా ఎలా పనిచేస్తుందో వైద్యులు వివరిస్తారు. వంటింట్లో ఎలా పనిచేస్తుందో చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు: ఒక్క ప్రాణం కోసం పొయ్యి వెలిగించడమెందుకని పొద్దున వండిన అన్నంలోనే రాత్రీ ఇంత మజ్జిగ పోసుకుని సరిపెట్టుకోవడం, ఆ మీదట కూరలు కొనడమే మానేయడం, నీరసం వచ్చినా ఎవరికీ చెప్పకపోవడం వరసగా జరిగిపోతాయి.

ఎండలు బయటపెట్టిన నిజం

ఇరుగుపొరుగుకు ప్రాణాలు నిలబెట్టే శక్తి ఉందనడానికి బలమైన సాక్ష్యం వృద్ధాశ్రమాల పరిశోధనలోంచి కాక, ఒక వడగాడ్పు నుంచి వచ్చింది. 1995 జులైలో చికాగో నగరంలో విపరీతమైన ఎండలు కాసిన కొద్దిరోజుల్లో, మామూలుగా జరిగే మరణాలకంటే 739 మరణాలు ఎక్కువగా సంభవించాయి. పోయినవారిలో ఎక్కువమంది తలుపులు మూసుకుని ఒంటరిగా ఉన్న వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ మరణాలను పేటలవారీగా పరిశీలించి 2002లో పుస్తకం ప్రచురించాడు. అందులో ఆయన పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చాడు. ఉత్తర లాన్‌డేల్, దక్షిణ లాన్‌డేల్ రెండూ పేదవే, రెండింటిలోనూ ఒంటరి వృద్ధులున్నారు, ఎండ రెండింటి మీదా ఒకేలా కాసింది. అయినా లక్ష జనాభాకు మరణాలు మొదటిదాంట్లో 40, రెండవదాంట్లో 4. ఉత్తర లాన్‌డేల్‌లో ఫ్యాక్టరీలు మూతపడి, జనం వెళ్లిపోయి, దుకాణాలు పోయి, నేరాల భయంతో ముసలివారు గడప దాటడం మానేశారు. దక్షిణ లాన్‌డేల్‌లో కాలిబాట పొడుగునా అంగళ్లు, తినుబండారాల బళ్లు, చర్చిలు, ఎప్పుడూ జనసందడి. అక్కడి ముసలివారికి బయటికి వెళ్లడానికి ఒక కారణం, వెళితే చల్లగా కూర్చోవడానికి ఒక చోటు, రెండురోజులు కనిపించకపోతే ఆరా తీసే దుకాణదారు ఉన్నారు. దక్షిణ పేట జనం ఉత్తర పేటవారికంటే మంచివాళ్లని దీని అర్థం కాదు. మంచితనం పనిచేయడానికి కావలసిన వీధి వారికి మిగిలి ఉందన్నదే ఇక్కడి సంగతి.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు పదిహేను వందల మందికి పైగా చనిపోయినప్పుడు ఎండలో పనిచేసే కూలీల గురించి, వృద్ధుల గురించి సరిగానే ఆందోళన వ్యక్తమైంది. చలివేంద్రాలు, మజ్జిగ పంపిణీ, పనివేళల మార్పు వంటివి అప్పటినుంచి ఏటా వేసవి ప్రణాళికల్లో ఉంటున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ తలుపు తట్టి చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ ప్రణాళికల్లో వెతికినా సులువుగా దొరకదు.

అరుగు పోయి లిఫ్టు వచ్చాక

పాత తెలుగు ఇళ్లకు వీధివైపు అరుగులుండేవి. అరుగు ఇంటిలోపలిదీ కాదు, వీధిదీ కాదు. దాని మీద కూర్చున్న మనిషి ఎవరింటికీ వెళ్లకుండానే, ఎవరినీ పిలవకుండానే పదిమందిని పలకరించగలిగేవాడు. రావిచెట్టు కింద రచ్చబండ, రాత్రివేళ పురాణ కాలక్షేపం, టీ కొట్టు ముందు చెక్కబల్ల, మంగలి షాపులో తిరగేసే పాత పత్రిక, చెరువుగట్టు, రేవు ఇలాంటివే. ఇల్లూ, పనిచేసే చోటూ కాకుండా మనుషులు ఊరికే చేరి మాట్లాడుకునే ఇలాంటి తావులను అమెరికన్ రచయిత రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ‘మూడవ తావులు’ అన్నాడు. వీటిని తలచుకుని నిట్టూర్చడం తెలుగు రచనల్లో బాగా అలవాటైన పని గనుక ఒక మాట చెప్పవలసి ఉంది: ఆ రచ్చబండ మీద ఆడవాళ్లు కూర్చోలేదు, ఊరి బయటి వాడలవారిని కూర్చోనివ్వలేదు. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి తేవలసిన అవసరం ఎవరికీ లేదు. అది చేసిన పనిని అందరికీ అందేలా చేయగల తావులు ఇప్పుడు ఏవన్నదే ఆలోచించవలసింది.

వాటిలో ఒకటి గ్రంథాలయం. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు నడిపిన గ్రంథాలయోద్యమం వల్ల తెలుగునేల మీద చదువరుల గదులు ఊరూరా వెలిశాయి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం స్థాపితమయ్యాయి. ఈనాటికీ ఏ చిన్న పట్టణంలోనైనా పొద్దున్నే శాఖా గ్రంథాలయానికి వెళితే అక్కడ ఎదురుచూస్తూ కనిపించేవారు ఎక్కువగా పోటీపరీక్షల కుర్రవాళ్లు, రిటైరైన పెద్దలు. ఒకే దినపత్రిక పేజీలు విడిపోయి బల్లకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉంటాయి; సంపాదకీయం చదువుతున్నవారి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తారు, జిల్లా పేజీలు ఎవరి దగ్గరున్నాయో వెతికి మరొకరు చేయి చాస్తారు, అలా చేతులు మారేటప్పుడే ఎవరింట్లో పెళ్లి, ఎవరికి కంటి ఆపరేషన్, పింఛను బకాయి ఎప్పుడు పడుతుంది అన్నవన్నీ నడుస్తాయి. గ్రంథపాలకుడు వారించేది ఆ మాటలనే. నిజానికి అక్కడ పేపరు కేవలం ఒక సాకు. ఇంట్లో పేపరు వేయించుకోగల స్తోమతు ఉన్నవారు కూడా నడిచి రావడానికి కారణం ఆ బల్లే.

సౌకర్యం పెరిగినకొద్దీ ఇలాంటి సాకులు ఒకటొకటే తగ్గిపోతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలయింది, దాన్ని ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచం దిగలేనివారికి, పంచాయతీ ఆఫీసు ముందు ఎండలో పడిగాపులు పడినవారికి ఇది గొప్ప ఊరట, దాన్ని తప్పుపట్టడం సాధ్యం కాదు. అయితే నడవగలిగినవారికి నెలకొకసారి ఈడువారందరూ ఒకచోట కలిసే సందర్భం కూడా ఆ వరసతోపాటే పోయింది. విశ్రాంత ఉద్యోగుల జీవన ప్రమాణ పత్రం ముఖ గుర్తింపుతో ఫోనులోనే పూర్తవుతోంది, కరెంటు బిల్లు అల్లుడు ఆన్‌లైన్లో కట్టేస్తాడు, కూరగాయలు పది నిమిషాల్లో గుమ్మం ముందుంటాయి. ఒక్కొక్కటీ మేలే గాని, అన్నీ కలిసి ఒక మనిషిని వారం రోజులు లిఫ్టు ఎక్కనివ్వకుండా చేయగలవు.

పల్లె వదిలి పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల స్థితి మరింత క్లిష్టం. ఆరు నెలలు పెద్దవాడి దగ్గర, ఆరు నెలలు చిన్నవాడి దగ్గర అన్న ఏర్పాటు అన్నదమ్ముల మధ్య న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఒక వీధిలో నలుగురు పరిచయమయ్యేసరికి మరో ఊరికి పెట్టె సర్దుకోవలసిన మనిషికి ఎక్కడా ఇరుగుపొరుగు ఏర్పడదు. సందర్శక వీసా మీద అమెరికా వెళ్లి మనవడి ఆలనాపాలనా చూసే అమ్మమ్మలదీ అదే పరిస్థితి, అక్కడ కారు నడపడం రాకపోతే వీధి చివరి గుడి కూడా దూరదేశమే. తల్లిదండ్రులను పంచుకునే కుటుంబాలు గడువును నెలల్లో కాకుండా ఏళ్లలో లెక్కపెడితే మేలు. లేదా వారి సొంత ఊళ్లోనే ఉండనిచ్చి తామే వంతులవారీగా వెళ్లి రావడం ఇంకా మేలు.

ఏ కార్యక్రమం పనిచేస్తుంది

నలుగురిని ఒకచోట కూర్చోబెడితే ఒంటరితనం దానంతటదే పోతుందనుకునేవారికి పరిశోధనలు కొంత నిరాశే మిగులుస్తాయి. ఈ రంగంలోని జోక్యాలను 2005లో సమీక్షించిన మిమీ కాటన్ బృందం, ఫలితం చూపినవాటిలో ఎక్కువ భాగం నేర్చుకోవడానికో, ఒకరికొకరు అండగా ఉండటానికో ఒక లక్ష్యం పెట్టుకున్న బృంద కార్యక్రమాలని గుర్తించింది. ఇంటికి వెళ్లి ఒక్కొక్కరినే పలకరించి వచ్చే పద్ధతికి అంతటి ఫలితం కనబడలేదు. పరామర్శకు వచ్చినవారి ముందు ముసలి మనిషి ప్రతిసారీ పుచ్చుకునేవాడిగానే ఉండిపోతాడు, వచ్చినవారు లేచి వెళ్లగానే గది మునుపటికంటే నిశ్శబ్దంగా అనిపిస్తుంది. జాన్ కాచియోపో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మరో చిక్కును ఎత్తిచూపాడు. ఒంటరితనం చాలాకాలం కొనసాగితే మనసు ఇతరుల మాటల్లో, చూపుల్లో తిరస్కారాన్నే వెతకడం మొదలుపెడుతుంది. పిలిచినా మాటవరసకు పిలిచారనుకుంటుంది. 2011లో ఆయన సహచరులతో కలిసి ప్రచురించిన సమీక్షలో, ఈ ఆలోచనా ధోరణిని మార్చడానికి ప్రయత్నించిన పద్ధతులే ఎక్కువ ఫలితమిచ్చాయని తేలింది. కాలనీ కార్యదర్శులకు దీని నుంచి అందే సూచన సులువైనదే: మొదటిసారి ‘నేను రాలేనులెండి, మీరు కానివ్వండి’ అన్న పెద్దమనిషిని జాబితాలోంచి కొట్టేయకూడదు. ఏదో ఒక పని పురమాయించి మళ్లీ పిలవాలి.

జపాన్‌లోని ఐచి రాష్ట్రంలో తాకెతోయో అనే చిన్న పట్టణం చేసిన ప్రయోగం ఈ విషయంలో నిలిచి చూడదగినది. అక్కడి పురపాలక సంఘం 2007లో ‘సలోన్’ అనే పేరుతో వృద్ధుల కూడలి కేంద్రాలను ప్రారంభించింది. చోటు, కొద్దిపాటి ఖర్చు పురపాలక సంఘానివి. నడిపేది మాత్రం వృద్ధులే, స్వచ్ఛందంగా. నెలకు ఒకటి రెండుసార్లు చేరి తేలికపాటి వ్యాయామం, పాటలు, చేతిపనులు, తేనీరు, అప్పుడప్పుడు బడిపిల్లలతో కలవడం, ఇంతే. అయిదేళ్ల తరువాత పరిశోధకులు చూస్తే, ఇతరుల సహాయం లేకుండా రోజు గడవని స్థితికి చేరినవారు సలోన్లకు వచ్చినవారిలో రానివారితో పోలిస్తే దాదాపు సగమే. కాలూ చేయీ బాగున్నవారే సలోన్‌కు వస్తారు గనుక ఈ తేడాలో వింతేముందని ఎవరైనా అడగవచ్చు. ఆ సందేహం పరిశోధకులకూ వచ్చింది. అందుకే వారు ఇల్లు సలోన్‌కు ఎంత దగ్గరన్నదాన్ని కొలబద్దగా తీసుకున్నారు. ఇల్లు ఎక్కడుందన్నది మనిషి ఆరోగ్యాన్ని బట్టి ఉండదు, కాని ఇల్లు దగ్గరైతే రావడం పెరుగుతుంది. ఆ లెక్కలోనూ ఫలితం నిలబడింది. నగరం నడిబొడ్డున కోట్లు పోసి కట్టిన ఒక పెద్ద వయోవృద్ధుల కేంద్రంకంటే, వీధికొకటిగా నడకదూరంలో ఉండే చిన్నగదులు మేలన్న నిర్ధారణకు రావడానికి ఇంతకంటే ఆధారం అవసరం లేదు. మన ప్రభుత్వాలకు శిలాఫలకం పెట్టుకోవడానికి వీలయ్యేది మాత్రం ఆ పెద్ద భవనమే.

మొదటి సూత్రం నడకదూరమైతే, రెండవది పని. అమెరికాలోని బాల్టిమోర్‌లో వృద్ధాప్య వైద్య నిపుణురాలు లిండా ఫ్రైడ్ తదితరులు తీర్చిదిద్దిన ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ పథకంలో అరవై దాటినవారు వారానికి పదిహేను గంటలు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు చదవడం నేర్పేవారు. ఆరోగ్యం కోసం రండి అంటే రానివారు, పిల్లలకు మీ అవసరముంది అంటే వచ్చారు. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి విస్తరించిన ‘మెన్స్ షెడ్’లు ఇదే సూత్రాన్ని మగవారికి వర్తింపజేశాయి. రిటైరైన మగవారు ఎదురెదురుగా కూర్చుని మనసులో మాట చెప్పుకోరు గాని, పక్కపక్కన నిలబడి విరిగిన కుర్చీ బాగుచేస్తూ చెప్పుకుంటారు. తెలుగు మగవారి విషయంలో ఇది మరీ నిజం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ‘హెడ్మాస్టరుగారు’, ‘డీఈగారు’ అనిపించుకున్న మనిషికి ఆ పిలుపు పోయాక ఇంట్లో చేయడానికి పని లేదు, చేయడం రాదు కూడా. అలాంటివారికి అపార్టుమెంటు నీటి ట్యాంకర్ల లెక్క అప్పగించినా, వాచ్‌మన్ పిల్లలకు ఎక్కాలు చెప్పమన్నా, పార్కులో మొక్కల బాధ్యత ఇచ్చినా వచ్చే మార్పు ఏ సన్మాన శాలువా వల్లా రాదు.

మూడవది క్రమం. 1995 మార్చిలో ముంబై పార్కులో డాక్టర్ మదన్ కటారియా అయిదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు ప్రపంచమంతా పాకడంలో నవ్వు పాత్ర ఎంతో గాని, రోజూ అదే వేళకు, అదే చోటుకు, అదే మనుషులు రావడం పాత్ర తక్కువది కాదు. మన సంప్రదాయంలో దీనికి అచ్చమైన ఉదాహరణ ధనుర్మాసం. తిరుప్పావైలో ముప్ఫై పాశురాలు, నెలకు ముప్ఫై రోజులు. చలిలో తెల్లవారకముందే గుడికి చేరాలి, రోజుకొక ఇంటివారు ప్రసాదం తేవాలి. ఎవరిది ఏ రోజో రాసిన కాగితం మండపం స్తంభానికి అంటించి ఉంటుంది. పన్నెండో రోజు దద్దోజనం ఫలానా మామ్మగారిదని అందరికీ తెలుసు, ఆవిడ ఆ రోజు రాకపోతే పూజ అయ్యీ అవగానే ఎవరో ఒకరు గిన్నె కోసం వచ్చినట్టుగా ఆవిడ గుమ్మం ముందుంటారు. మనిషి రాకపోతే తెలిసిపోయే ఏర్పాటు ఉండటమే ఒక బృందానికి అసలు బలం. వృద్ధుల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే గులాబీపువ్వుతో వచ్చే ‘శుభోదయం’ బొమ్మలను చూసి కుర్రకారు నవ్వుకుంటారు గాని, అవి చేసే పనీ అదే. ఒక పూట పువ్వు రాకపోతే పదిమందికి అనుమానం వస్తుంది.

భక్తి ఆధారంగా నడిచే బృందాలకు ఒక పరిమితి ఉంది. గుడి, చర్చి కూటం, మసీదు అరుగు ఎవరివారికి ఆత్మీయమైనవే గాని, పేటంతటికీ ఒకటి కాలేవు. పేరంటాల విషయం మరీ సున్నితం. శ్రావణమాసపు వాయనాలు, పసుపుకుంకుమల పిలుపులు స్త్రీల స్నేహాలకు శతాబ్దాలుగా ఊతమిచ్చినా, భర్త పోయిన మర్నాటి నుంచే ఆ పిలుపు ఆగిపోతుంది. అంటే మనుషులు అత్యంత అవసరమైన సమయంలోనే ఆమెను మనుషుల మధ్యనుంచి తప్పించే ఆచారం అది. విష్ణు సహస్రనామ పారాయణ బృందం, కోలాటం, అన్నమయ్య కీర్తనలు నేర్చుకునే తరగతి, అష్టాచెమ్మా, వామనగుంటలు వంటివాటికి ఈ అడ్డు లేదు. కాలనీలో కార్యక్రమాలు ఏర్పాటు చేసేవారు పేరంటం చుట్టూ కాకుండా వీటి చుట్టూ అల్లుకుంటే, చెప్పకుండానే ఒక దురాచారాన్ని పక్కకు నెట్టినవారవుతారు.

పేదవాడల్లో కాలక్షేపం ఒక్కటే చాలదు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో హెల్పేజ్ ఇండియా వృద్ధులతోనే స్వయం సహాయక సంఘాలను ఏర్పాటు చేయించింది. వయసు మీరినవారికి అప్పు ఎవరిస్తారన్న శంకను పక్కనపెట్టి, వారు తమలో తాము పొదుపు చేసుకుని, తమలోనే అప్పులిచ్చుకుని చిన్నచిన్న జీవనోపాధులు నిలబెట్టుకున్నారు. డ్వాక్రా సంఘాల అనుభవం ఇంతగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో, అరవై దాటిన సభ్యురాలిని సంఘం నుంచి మెల్లగా తప్పించే ధోరణికి బదులు, వారితోనే సంఘాలు కట్టించడం కష్టమైన పనేమీ కాదు. పొదుపు సమావేశం పేరుతో వారానికొకసారి కలిసినా, అక్కడ జరిగేది లెక్కలకంటే ఎక్కువే.

గడప దాటడానికి అడ్డేమిటి

ఇన్ని చెప్పాక, పెద్దలు రాకపోవడానికి తరచుగా అడ్డుపడేవి చాలా మామూలు విషయాలు. మొదటిది మరుగుదొడ్డి. మధుమేహం, ప్రోస్టేట్ సమస్య ఉన్న మనిషి గంటసేపు పార్కులో కూర్చోవాలంటే ముందు ఆలోచించేది దాని గురించే. తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి ఎంత అందమైన పార్కునైనా ఆయనకు మూసివేసినట్టే. రెండవది కూర్చునే బల్ల. వీపు ఆనించుకోవడానికి, చేతులు ఊతమిచ్చి లేవడానికి వీలులేని సిమెంటు దిమ్మె మీద మోకాళ్ల నొప్పులవారు కూర్చోరు. మూడవది, ఎవరూ బయటికి చెప్పనిది, వినికిడి. నలుగురిలో మాట సరిగా వినబడక, రెండుసార్లు ‘ఏమిటి?’ అని అడిగి, మూడోసారి అడగలేక ఊరికే తలూపే మనిషి క్రమంగా రావడమే మానేస్తాడు. ఇంట్లోవారు దాన్ని వయసు వల్ల వచ్చిన చాదస్తమనుకుంటారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, కట్టుడుపళ్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైంది. ఒంటరితనాన్ని తగ్గించే పథకాల జాబితాలో దాన్ని ఎవరూ చేర్చరు, ముందుగా చేర్చవలసినది దాన్నే.

చోట్ల కోసం కొత్తగా వెతకవలసిన పనీ లేదు. పాత తాలూకా కేంద్రాల్లో చాలాచోట్ల పింఛనుదారుల సంఘ భవనాలున్నాయి. పింఛను దయాదానం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పును గుర్తు చేసుకుంటూ వారు ఏటా ఆ రోజున పింఛనుదారుల దినం జరుపుకుంటారు. మిగతా రోజుల్లో ఆ హాలు తలుపులు పేటలోని ఇతర వృద్ధులకు, ముఖ్యంగా ఉద్యోగం చేయని ఆడవారికి తెరిస్తే ఖర్చు కరెంటు బిల్లుకు మించదు. ఆస్తిపన్నుతోపాటు ప్రజలు చెల్లించే గ్రంథాలయ పన్ను, అంటే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే మొత్తం, పూర్తిగా జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరితే, శాఖా గ్రంథాలయానికి ఒక ర్యాంపు, ఒక మరుగుదొడ్డి, మాట్లాడుకోవడానికి ఒక విడి గది సమకూర్చడం అసాధ్యం కాదు. ఎవరూ లేనప్పుడు, ఇంట్లోనే హింస ఎదురైనప్పుడు ఫోను చేయడానికి 14567 అనే వృద్ధుల సహాయవాణి ఉంది. తెలంగాణలో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించిన ఆ నంబరును ప్రతి పార్కు గేటు మీదా, ప్రతి లిఫ్టు లోపలా పెద్ద అక్షరాల్లో రాయించవచ్చు.

అపార్టుమెంటు సంఘాల వార్షిక సర్వసభ్య సమావేశంలో పెయింటింగు, పార్కింగు, మెయింటెనెన్సు బకాయిలతోపాటు ఈసారి ఒక అంశం చేర్చాలి: పెళ్లిరోజులకు, పుట్టినరోజులకు మాత్రమే తెరిచే క్లబ్ హౌసులో కింది అంతస్తు గది ఒకటి సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు పెద్దలకు కేటాయించాలని, దాని తాళం, రిజిస్టరు వారి చేతికే ఇవ్వాలని. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించడానికి అరవై ఏళ్లు నిండనక్కరలేదు.